పదకొండు అంగుళాల టెలిస్కోప్‌కు అడాప్టివ్ ఆప్టిక్స్ పెట్టాలా? ఒక కేస్ స్టడీ

హైదరాబాద్ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఖగోళ క్లబ్ నుంచి వచ్చిన కేసు ఇది. వాళ్ళ దగ్గర సెలెస్ట్రాన్ సీ11 ఉంది. వ్యాసం 280 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 2800. మూడంతస్తుల బిల్డింగ్ డాబా మీద, పైకప్పు పక్కకు జరిగే రేకుల షెడ్డులో దాన్ని బిగించారు. పాత విద్యార్థులు పోగు చేసి పంపిన డబ్బు కొంత చేతిలో ఉంది. దానితో అడాప్టివ్ ఆప్టిక్స్, అంటే గాలి చేసే చెరుపును ఎప్పటికప్పుడు దిద్దే ఏర్పాటు, పెట్టిస్తే గురుగ్రహం ఫోటోలు, జంట నక్షత్రాల కొలతలు మెరుగవుతాయా అన్నది ప్రశ్న. క్లబ్ బాధ్యత చూసే ఫిజిక్స్ మేడమ్ అడిగిన మాట: "పెద్ద అబ్జర్వేటరీలకు ఉంది కదా సార్, చిన్న సైజులో మనకూ ఒకటి పెట్టుకోలేమా?"

నేను ఆప్టిక్స్ టెస్టింగ్ పనిలో ఉన్నవాణ్ణి. ఇలాంటి ప్రశ్నకు డబ్బు లెక్క చూపించి జవాబు చెప్పడం తేలిక. చిన్న డిఫార్మబుల్ మిర్రర్ (వంగే అద్దం), దాని డ్రైవర్, కాంతి తరంగం ఆకారం కొలిచే వేవ్‌ఫ్రంట్ సెన్సర్, వేగంగా పనిచేసే కెమెరా, వీటన్నిటినీ కలిపే లెన్సులు కొంటే మంచి కారు ధర దాటుతుంది. కానీ ధర రేపు తగ్గొచ్చు, ఎవరైనా స్పాన్సర్ దొరకొచ్చు. అందుకే ధర సంగతి పక్కన పెట్టి, ఆ సామాను ఊరికే ఇచ్చినా ఈ టెలిస్కోప్ మీద పనిచేస్తుందా అన్నదే చూశాను. పనిచేయదని తేలింది. ఆ తేలిన తీరు చెప్పడానికే ఈ రాత.

ముందు గాలిని కొలవాలి

అడాప్టివ్ ఆప్టిక్స్ ఆలోచన కొత్తదేమీ కాదు. హొరేస్ బాబ్‌కాక్ 1953లోనే ప్రతిపాదించాడు. నక్షత్రం నుంచి వచ్చే తరంగం గాలిలో ఎలా నలిగిందో సెన్సర్‌తో కొలిచి, దానికి సరిగ్గా విరుద్ధమైన ఆకారంలోకి ఒక పల్చని అద్దాన్ని వంచాలి. ఆ పని సెకనుకు వందల సార్లు జరగాలి.

ఎంత వంచాలి, ఎన్నిసార్లు వంచాలి అన్నవి రెండూ ఒకే కొలత మీద ఆధారపడతాయి. డేవిడ్ ఫ్రీడ్ పేరుతో పిలిచే ఆ పొడవును ఈ రంగంలో ఆర్-నాట్ అంటారు. గాలి గుండా వచ్చాక కూడా తరంగం దాదాపు చదునుగా మిగిలే ముక్క ఎంత వెడల్పు ఉంటుందో అది చెబుతుంది. గాలి వల్ల నక్షత్రం బొమ్మ ఎంత వెడల్పుకు చెదురుతుందో దాన్ని సీయింగ్ అంటారు, ఆర్క్‌సెకన్లలో (డిగ్రీలో 3600వ వంతు) కొలుస్తారు. సీయింగ్ ఒక ఆర్క్‌సెకను ఉంటే, 500 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిలో ఆర్-నాట్ సుమారు 10 సెంటీమీటర్లు. సీయింగ్ 2.5 ఆర్క్‌సెకన్లైతే 4 సెంటీమీటర్లే.

క్లబ్ పిల్లలు సీయింగ్‌ను ఫోన్ యాప్‌లో చూసి నమ్ముతున్నారు. యాప్ చెప్పేది పై గాలుల అంచనా. డాబా మీద ఏం జరుగుతోందో దానికి తెలియదు. అందుకని సీ11 మూతికి సరిపడా అట్టముక్కలో 6 సెంటీమీటర్ల రంధ్రాలు రెండు, మధ్య దూరం 20 సెంటీమీటర్లు ఉండేలా కోయించాను. ఫోకస్ కాస్త తప్పిస్తే ఒకే నక్షత్రం రెండు చుక్కలుగా కనబడుతుంది. ఆ రెండు చుక్కల మధ్య దూరం క్షణక్షణం ఎంత మారుతోందో వేగమైన కెమెరాతో రికార్డు చేస్తే సీయింగ్ లెక్కకొస్తుంది. మౌంట్ (టెలిస్కోప్‌ను మోసి తిప్పే స్టాండు) ఊగితే రెండు చుక్కలూ కలిసి ఊగుతాయి కాబట్టి ఆ తప్పు లెక్కలోకి రాదు. అబ్జర్వేటరీలు సైట్ ఎంపికకు వాడే డిమ్ అనే పరికరం సూత్రమే ఇది. ప్రొఫెషనల్ డిమ్ అంత కచ్చితంగా ఉండదు గానీ ఈ నిర్ణయానికి చాలు.

కొలతలు చూస్తే చలికాలం రాత్రుల్లోనే సాయంత్రం పూట 3.5 నుంచి 4 ఆర్క్‌సెకన్లు. అర్ధరాత్రి దాటాక 2 నుంచి 2.5. ఈ తేడాయే నన్ను ఆపింది. పై గాలులు చెడగొడుతుంటే గడియారం చూసుకుని అర్ధరాత్రికి సర్దుకోవు. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు స్లాబు, రేకుల షెడ్డు, అందులో మూసిపెట్టిన ట్యూబ్ సాయంత్రం నుంచి వేడి వదులుతున్నాయి. కింద ఉన్న గ్రౌండులో అలాంటి అట్టతోనే చిన్న టెలిస్కోప్ పెట్టి చూస్తే సాయంత్రం అంకె స్పష్టంగా తగ్గింది. అంటే ఈ కేసులో కొంత రోగం టెలిస్కోప్ చుట్టూ ఉన్న పదడుగుల్లోనే ఉంది. దాని మందు వేరు, తర్వాత చెబుతాను.

ఇకనుంచి లెక్కలన్నీ 2.5 ఆర్క్‌సెకన్లకు, అంటే 4 సెంటీమీటర్ల ఆర్-నాట్‌కు వేస్తాను. ఈ డాబాకు అది మంచి రాత్రే.

నక్షత్రం ఇచ్చే కాంతి ఎంత?

టెలిస్కోప్ వ్యాసాన్ని ఆర్-నాట్‌తో భాగిస్తే 7 వస్తుంది. అద్దాన్ని అడ్డంగా ఏడు, నిలువుగా ఏడు ముక్కలుగా చూడాలన్నమాట. సెన్సర్ ఒక్కో ముక్క మీద పడిన కాంతి ఎటు వాలిందో విడిగా కొలవాలి. ఎంత వేగంగా? గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో వీస్తుంటే ఆ నమూనా చెక్కుచెదరకుండా నిలిచేది సుమారు 1.3 మిల్లీసెకన్లు. కాస్త ఉదారంగా 2 మిల్లీసెకన్లు తీసుకుందాం.

ఇప్పుడు ఫోటాన్లు లెక్కపెడదాం. మాగ్నిట్యూడ్ అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసకబారుతుంది. సున్నా మాగ్నిట్యూడ్ నక్షత్రం, అంటే దాదాపు అభిజిత్ అంత ప్రకాశం ఉన్నది, వీ బ్యాండులో (ఆకుపచ్చ చుట్టుపక్కల కాంతిలో) చదరపు మీటరుకు సెకనుకు సుమారు వెయ్యి కోట్ల ఫోటాన్లు పంపుతుంది. వినడానికి చాలా ఎక్కువ. కానీ మన ముక్క 4 సెంటీమీటర్ల చదరం, సమయం 2 మిల్లీసెకన్లు. వెయ్యి కోట్లు కాస్తా 32 వేలవుతాయి. అద్దాలు, లెన్సులు, సెన్సర్ మింగేది సగం తీసేస్తే 16 వేలు. ఇదంతా ఆకాశంలోని అత్యంత ప్రకాశవంతమైన నక్షత్రాల్లో ఒకదానికి. 5వ మాగ్నిట్యూడ్‌కు దిగితే వందో వంతు, 160 ఫోటాన్లు. ఫోటో తీసే కెమెరాకు సగం కాంతి పంచితే మిగిలేది 80. ఆ 80 ఫోటాన్లు కొన్ని పిక్సెళ్ళ మీద పరుచుకుంటాయి, ఒక్కో పిక్సెల్‌కూ తన రీడ్ నాయిస్, అంటే చదివేటప్పుడు కలిసే తప్పు, ఉంటుంది. చుక్క మధ్య ఎక్కడుందో చెప్పడం అక్కడే కష్టమవుతుంది. 7వ మాగ్నిట్యూడ్‌కు వెళ్తే సెన్సర్ నాయిస్‌నే కొలిచి, అద్దాన్ని తప్పుగా వంచుతుంది. అలాంటి దిద్దుబాటు లేకపోవడమే మేలు.

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. ఈ లెక్కలో టెలిస్కోప్ వ్యాసం ఎక్కడా రాలేదు. ముక్క సైజును నిర్ణయించేది ఆర్-నాట్. పెద్ద టెలిస్కోప్ పెట్టినా ముక్కల సంఖ్య పెరుగుతుంది గానీ ఒక్కో ముక్కకు అందే కాంతి పెరగదు. అయితే పెద్దవాళ్ళు ఎలా నెగ్గుకొస్తున్నారు? ఎక్కువగా పరారుణంలో పనిచేసి. ఆర్-నాట్ తరంగదైర్ఘ్యంతో పాటు దానికన్నా కాస్త ఎక్కువ వేగంగా పెరుగుతుంది. మన 4 సెంటీమీటర్లు 2.2 మైక్రాన్ల దగ్గర 24 సెంటీమీటర్ల దాకా వెళ్తాయి. ముక్కలు పెద్దవి, మార్పు నెమ్మది, కాంతి సరిపోతుంది. ఎనిమిది మీటర్ల అద్దానికి అక్కడ దక్కేది చాలా ఉంది.

అదే దారి మనం పడితే? 2.2 మైక్రాన్ల దగ్గర సీ11 వ్యాసం, ఆర్-నాట్ దాదాపు సమానం. దిద్దడానికి గాలి వంకరే పెద్దగా మిగలదు. కానీ అక్కడ ఆ టెలిస్కోప్ స్పష్టత హద్దే 1.6 ఆర్క్‌సెకన్లు. గురుడి మీద వివరాలు చూడటానికి అది ఎందుకూ పనికిరాదు. అంటే చిన్న టెలిస్కోప్‌కు దిద్దుబాటు కావాల్సిన చోట కాంతి చాలదు, కాంతి చాలే చోట దిద్దుబాటు అక్కర్లేదు. ఈ రెంటి మధ్య ఖాళీ చాలా సన్నం.

మేడమ్ ఇంకో ప్రశ్న వేశారు: గురుగ్రహమే బోలెడు కాంతి ఇస్తుంది కదా, దాన్నే గైడ్‌గా, అంటే గాలిని కొలవడానికి సెన్సర్ చూసే వెలుగుగా, పెట్టుకోవచ్చు కదా? మంచి ప్రశ్న. కాంతి నిజంగానే చాలు. ఒక్కో 4 సెంటీమీటర్ల ముక్కలో మసకగా కనబడే గుండ్రటి బిళ్ళను పోల్చి చూసే పద్ధతులూ ఉన్నాయి. అడ్డు వేరే చోట ఉంది. ఒక దిశకు సరిపడా వంచిన అద్దం దాని పక్కన ఎంత దూరం వరకు సరిపోతుందో దాన్ని ఐసోప్లానాటిక్ కోణం అంటారు. 4 సెంటీమీటర్ల ఆర్-నాట్, గాలి కల్లోలానికి కిలోమీటరున్నర సగటు ఎత్తు తీసుకుంటే అది 2 ఆర్క్‌సెకన్ల లోపే. కల్లోలం ఇంకా పైన ఉంటే మరీ తక్కువ. ఆపోజిషన్ దగ్గర, అంటే సూర్యుడికి ఎదురు దిక్కున భూమికి దగ్గరగా ఉన్నప్పుడు, గురుడి బిళ్ళ 50 ఆర్క్‌సెకన్ల దాకా ఉంటుంది. గ్రేట్ రెడ్ స్పాట్‌లో ఒక మూల పదునుగా వచ్చి, మిగతాదంతా ఇంకా చెడుతుంది.

ఆకాశం మొత్తం మీద ఈ పరికరం ఎక్కడెక్కడ పనిచేస్తుందో కూడా ఒక అంచనా వేశాను. గైడ్ నక్షత్రాన్ని 6వ మాగ్నిట్యూడ్ దాకా అనుమతించి, చుట్టూ 5 ఆర్క్‌సెకన్ల దాకా దిద్దుబాటు పనిచేస్తుందని అనుకుందాం. రెండూ మన డాబాకు మించిన ఆశలే. అలాంటి నక్షత్రాలు సుమారు 5 వేలు. వాటి చుట్టూ గీసిన వలయాల వైశాల్యమంతా కలిపితే ఆకాశంలో పది లక్షల్లో ఒక వంతు కూడా రాదు.

మార్కెట్‌లో దొరికే 'ఏఓ' యూనిట్ల సంగతి

క్లబ్ కుర్రాడొకడు పట్టువదల్లేదు. "అన్నా, మరి ఆస్ట్రోఫోటోగ్రఫీ వాళ్ళు ఏఓ యూనిట్ వాడుతున్నారు కదా, నెట్‌లో రిజల్ట్స్ కూడా ఉన్నాయి." ఉన్నాయి, అబద్ధం కాదు. ఏఓ అంటే అడాప్టివ్ ఆప్టిక్స్‌కు పొట్టి పేరు. ఎస్‌బిగ్ కంపెనీ 1990ల చివర్లోనే ఏఓ-7 తెచ్చింది, తర్వాత స్టార్‌లైట్ ఎక్స్‌ప్రెస్ లాంటివి వచ్చాయి. ఇవన్నీ చేసేది వాలు దిద్దడం మాత్రమే. చిన్న అద్దాన్నో, గాజు పలకనో అటూ ఇటూ వంచి బొమ్మను మధ్యలో నిలబెడతాయి. తరంగం లోపలి ముడతల జోలికి పోవు.

వాలు దిద్దడం చిన్న విషయమని తీసిపారేయలేం. గాలి చేసే చెరుపులో 87 శాతం వాలేనని 1976లో రాబర్ట్ నోల్ లెక్క కట్టాడు. అయితే మన వ్యాసానికీ ఆర్-నాట్‌కూ ఉన్న నిష్పత్తి 7 దగ్గర మొత్తం చెరుపు 26 చదరపు రేడియన్లు. 87 శాతం తీసేసినా మిగిలేది 3.4, అదే బొమ్మను నాశనం చేయడానికి చాలు. స్పష్టత హద్దుకు దగ్గరగా రావాలంటే అది ఒకటి కన్నా బాగా తగ్గాలి. వాలు దిద్దడం వల్ల ఎక్కువ లాభం నిష్పత్తి 4 చుట్టుపక్కల ఉన్నప్పుడే. అంటే ఈ డాబా మీద 6 అంగుళాల టెలిస్కోప్‌కు.

ఇంకా పెద్ద చిక్కు గైడ్ నక్షత్రం. ఈ యూనిట్లు సాధారణంగా ఫ్రేమ్ అంచున, ఆర్క్‌మినిట్ల దూరంలో ఉన్న నక్షత్రాన్ని పట్టుకుంటాయి. అంత దూరాన ఉన్న నక్షత్రం ఊగే తీరుకూ మన వస్తువు ఊగే తీరుకూ సంబంధం ఉందా? పరీక్షించడం సులువే. జంట నక్షత్రాలను వేగంగా వీడియో తీసి రెండు చుక్కల కదలికలనూ పక్కపక్కన గ్రాఫ్ గీయించాను. 5.5 ఆర్క్‌సెకన్ల దూరంలో ఉన్న క్యాస్టర్ జంట చాలావరకు కలిసే ఊగింది. ఓరియన్ నడుము పట్టీలోని మింటకాకు 52 ఆర్క్‌సెకన్ల దూరంలో ఒక మసక తోడు ఉంది. ఆ రెండింటి వేగమైన కదలికలు దేని దారి దానిదే. కలిసి కదిలింది నెమ్మదైన ఊగిసలాట ఒక్కటే. అది గాలిది కాదు. మౌంట్ గేర్లది, షెడ్డు గోడ దాటి వచ్చే ఈదురుగాలి దెబ్బలది.

నెట్‌లోని మంచి ఫలితాల రహస్యం ఇదే అని నా అభిప్రాయం. గాలిని దిద్దుతుందనుకుని కొన్న యూనిట్ మౌంట్‌ను దిద్దుతోంది. మౌంట్ సరిగా లేనివాడికి అదీ లాభమే. కానీ ఆ డబ్బు మౌంట్ మీదే పెడితే ఇంకా బాగుంటుంది. అరువు తెచ్చిన ఒక యూనిట్‌ను క్లబ్ టెలిస్కోప్‌కు తగిలిస్తే నక్షత్రాలు కాస్త గుండ్రంగా వచ్చాయి. గైడింగ్ సెట్టింగులు సరిచేసి, పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ అక్షాన్ని ధ్రువం వైపు సరిచేయడం) మళ్ళీ చేశాక యూనిట్ లేకుండానే దాదాపు అంతే గుండ్రంగా వచ్చాయి.

సాఫ్ట్‌వేర్ ఇప్పటికే చేస్తున్న పని

వీడియో తీసి, వేల ఫ్రేముల్లో బాగున్నవాటినే ఏరి కలపడం ఆ పని. దానికి నిష్పత్తి 7 చాలా ఇబ్బందికరమైన అంకె. కానీ అది ఆకుపచ్చలో. 700 నానోమీటర్ల ఎరుపులో ఆర్-నాట్ 6 సెంటీమీటర్లకు పెరిగి, నిష్పత్తి 4.7కు దిగుతుంది. ఈ తేడా ఎంత పెద్దదో ఫ్రీడ్ 1978లో ఇచ్చిన సూత్రం చెబుతుంది. గాలి అనుకోకుండా సర్దుకుని, ఒక ఫ్రేమ్ దాదాపు చెడకుండా వచ్చే అవకాశం ఎంతో అది లెక్కిస్తుంది. నిష్పత్తి 7 దగ్గర 370 ఫ్రేములకు ఒకటి. 4.7 దగ్గర ఐదింటికి ఒకటి.

గురుడు తన చుట్టూ తాను పది గంటల లోపే తిరుగుతాడు. రెండు నిమిషాల్లో బిళ్ళ మధ్యలోని మచ్చ అర ఆర్క్‌సెకను జరుగుతుంది. అది ఎరుపులో సీ11 స్పష్టత హద్దుతో దాదాపు సమానం, కాబట్టి ఒక వీడియోకు రెండు నిమిషాలే గడువు అనుకుందాం. సెకనుకు 100 ఫ్రేముల చొప్పున 12 వేల ఫ్రేములు. ఆకుపచ్చలో మంచివి ముప్పై చిల్లర. వాటిని కలిపితే నాయిస్ తప్ప ఏమీ మిగలదు. ఎరుపులో రెండు వేలకు పైగా, హాయిగా స్టాక్ చేసుకోవచ్చు. స్పష్టత హద్దు 0.37 నుంచి 0.52 ఆర్క్‌సెకన్లకు పెరుగుతుంది, ఆ నష్టం ఒప్పుకోవాలి. ఫ్రేమ్ రేటు పెంచితే, విన్‌జూపోస్ అనే ప్రోగ్రాంతో భ్రమణాన్ని సరిచేసి కొన్ని వీడియోలు కలిపితే ఆకుపచ్చలో కూడా కొంత దక్కుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చేది వేరే ఉంది. ఆటోస్టాకర్ట్ లాంటి ప్రోగ్రాం బిళ్ళ మీద ఎన్నో బిందువులు పెట్టి, ఒక్కో బిందువు చుట్టూ ఏ ఫ్రేమ్ బాగుందో విడిగా ఎంచుకుంటుంది. పై భాగం ఒక ఫ్రేమ్ నుంచి, కింది భాగం ఇంకో ఫ్రేమ్ నుంచి. అద్దం ఒక దిశకే వంగుతుంది, ఐసోప్లానాటిక్ కోణం దాటలేదు. ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఆ గోడను పక్కనుంచి దాటేస్తోంది. గ్రహాలు, చంద్రుడు, ప్రకాశవంతమైన జంట నక్షత్రాలు, అంటే ఈ క్లబ్‌కు కావలసినవన్నీ ఇందులోకి వస్తాయి. రాని వస్తువులు మసక గెలాక్సీలు, నెబ్యులాలు. వాటి మీద అడాప్టివ్ ఆప్టిక్స్‌కూ గైడ్ నక్షత్రం దొరకదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి రంగాపూర్ 48 అంగుళాల టెలిస్కోప్ లాంటిదైతే కథ వేరు. అదే గాలిలో నిష్పత్తి 30. ఎన్ని లక్షల ఫ్రేములు తీసినా ఒక్కటీ మంచిది రాదు. ఫ్రేముల ఎంపిక చేతులెత్తేసే ఆ సైజు దగ్గరే అడాప్టివ్ ఆప్టిక్స్ గురించి అడగడానికి అర్థం ఉంటుంది.

చిన్నవాటిలో ఎవరికి కుదిరింది

కుదిరిన కేసులున్నాయి. అమెరికాలో పొమోనా కాలేజీ వాళ్ళు టేబుల్ మౌంటెన్‌లోని ఒక మీటరు టెలిస్కోప్‌కు కపావో పేరుతో ఒకటి కట్టారు. అందులో డిగ్రీ విద్యార్థుల చెయ్యి ఎక్కువ. కాల్‌టెక్, పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకా కలిసి పాలొమార్ 1.5 మీటర్ల టెలిస్కోప్ మీద పెట్టిన రోబో-ఏఓ ఇంకా పెద్ద విజయం. గైడ్ నక్షత్రం కొరతకు వాళ్ళ జవాబు లేజర్. 355 నానోమీటర్ల అతినీలలోహిత లేజర్‌ను పైకి పంపి, గాలి అణువుల నుంచి వెనక్కి వచ్చే కాంతినే నక్షత్రంగా వాడుకున్నారు. మనిషి చెయ్యి పడకుండా రాత్రంతా అదే తిరిగేది. 2014లో వచ్చిన వాళ్ళ పేపర్ ఒక్కటే గ్రహాలు ఉండొచ్చని కెప్లర్ అంతరిక్ష టెలిస్కోప్ గుర్తించిన 715 నక్షత్రాలను పరిశీలించింది. అందులో మనవాళ్ళ పాలు ఉండటం సంతోషమే. కానీ ఆ లేజర్ కంటికి కనబడనిదైనా, ఉపగ్రహాల మీద పడకుండా ముందే సమయాలు ఖరారు చేసుకోవాలి. కాలేజీ డాబాకు అది పనికిరాదు.

సూర్యుణ్ణి చూసేవాళ్ళకు కాంతి కొరతే లేదు. ఉదయపూర్ సోలార్ అబ్జర్వేటరీలోని 50 సెంటీమీటర్ల మాస్ట్ టెలిస్కోప్‌కు అడాప్టివ్ ఆప్టిక్స్ ఉంది. అదీ ఫతేసాగర్ చెరువు మధ్య ద్వీపంలో ఉంది. నీళ్ళు నేలలా వేడెక్కవు. అద్దాన్ని వంచడానికి ముందే వాళ్ళు కాళ్ళ కింది వేడి సంగతి చూసుకున్నారు.

క్లబ్ చివరికి ఏం చేసింది

నా రిపోర్టులో మొదటి సిఫార్సు అదే, వేడి. డాబా మీద షెడ్డు చుట్టూ తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించారు. ఎండాకాలం ఇళ్ళలో చేసినట్టే సూర్యాస్తమయానికి ముందు స్లాబు మీద నీళ్ళు చల్లుతున్నారు. షెడ్డు సాయంత్రం ఐదింటికే తెరుస్తున్నారు. ట్యూబ్ వెనక వైపు చిన్న ఫ్యాన్లు పెట్టి, చుట్టూ వెండిరంగు బబుల్ షీట్ కట్టారు. సాయంత్రం సీయింగ్ 3.5-4 నుంచి 2.5-3కు దిగింది. అర్ధరాత్రి అంకె పెద్దగా మారలేదు, మారుతుందని నేనూ చెప్పలేదు. పిల్లలు పదిన్నరకు హాస్టల్‌కు వెళ్ళిపోవాలి కాబట్టి వాళ్ళకు లెక్కలోకొచ్చేది సాయంత్రమే.

తర్వాత కాలిమేషన్, అంటే అద్దాలను ఒకే వరసలోకి తేవడం. ముందున్న మూడు స్క్రూలు కొన్నప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. సరిచేయడానికి పైసా ఖర్చు కాలేదు.

డబ్బుతో వేగమైన మోనో కెమెరా, ఎరుపు, ఐఆర్ పాస్ ఫిల్టర్లు కొన్నారు. గాలి పట్టకంలా రంగులు విడదీయడాన్ని సరిచేసే అట్మాస్ఫియరిక్ డిస్పర్షన్ కరెక్టర్ ఒకటి నేను పట్టుబట్టి కొనిపించాను. 45 డిగ్రీల ఎత్తులో నీలం, ఎరుపు బొమ్మలు ఒక ఆర్క్‌సెకనుకు పైనే విడిపోతాయి, అద్దాన్ని ఎంత వంచినా అది పోదు. మన అక్షాంశంలో గ్రహాలు చాలా ఎత్తుకు వస్తాయి. 2024 డిసెంబర్ ఆపోజిషన్‌లో గురుడు హైదరాబాద్‌లో దాదాపు నడినెత్తి మీదికి వచ్చాడు, అలాంటప్పుడు కరెక్టర్ అక్కర్లేదు. కానీ సాయంత్రం తూర్పున ఇంకా పైకి రాకముందే చూడాల్సిన క్లబ్‌కు కావాలి.

మిగిలిన డబ్బు గురించి మేడమ్‌కూ నాకూ కొంచెం వాదన జరిగింది. నేను మౌంట్ అన్నాను. ఆవిడ ల్యాబ్ అన్నారు. ఆప్టిక్స్ బెంచి మీద ఒక లేజర్ డయోడ్, హెయిర్‌స్ప్రే కొట్టిన గాజు పలకను మోటారుతో తిప్పి తయారుచేసిన కృత్రిమ గాలి, చిన్న చిన్న లెన్సులుండే లెన్‌స్లెట్ షీటు, కరెంటుతో కదిలే చౌకరకం పీజో అద్దం. అక్కడ కాంతి కావలసినంత ఉంటుంది, 'నక్షత్రం' సరిగ్గా మధ్యలో ఉంటుంది, గాలి వేగం రెగ్యులేటర్ తిప్పితే మారుతుంది. ఆవిడ మాటే నెగ్గింది. ఫైనలియర్ పిల్లలు ఇప్పుడు కంట్రోల్ లూప్ రాస్తున్నారు. అద్దం కదలిక ఆలస్యం తగ్గించడం దగ్గర ఆగారు. కెమెరా నుంచి కంప్యూటర్‌కు ఫ్రేమ్ రావడానికే ఎక్కువ సమయం పోతోంది, అది సరిచేశాకే మిగతాది.